అర అడుగు

అందరూ ఆమెను పిచ్చుక అనేవారు. సన్నగా, పొట్టిగా ఉండి, నడవడం చేతకానట్టు మైదానమంతా గెంతుతూ తిరిగేది కాబట్టి చిన్నప్పుడు వాళ్ళక్క పెట్టిన పేరది. ఇంట్లో పుట్టిన పేరు క్లబ్బుకు పాకింది, క్లబ్బు నుంచి పేపర్లకెక్కింది. ఆ ఏడాది లీగ్‌లో ఇరవై ఆరు గోల్స్ కొట్టి, కొత్తగా చేరిన క్లబ్బుకు కప్పు తెచ్చిపెట్టి, ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైనప్పుడు టీవీవాళ్ళు కూడా పిచ్చుక అనే అన్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమె తల కిందికి దిగేది. చూసేవాళ్ళు అణకువ అనుకున్నారు.

అక్క ఆమెకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. గోల్‌కీపర్. పాత క్లబ్బులో పదమూడేళ్ళపాటు ఆ రెండు పోస్టుల మధ్యే నిలబడింది. అభిమానులు ఆమెను గోడ అనేవారు. తండ్రి లేని ఇల్లు. తల్లి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే పనికి తెల్లారకముందే వెళ్ళిపోయేది. చెల్లెలికి జడ వేసి, బూట్ల లేసులు కట్టి, చెయ్యి పట్టుకుని మైదానానికి తీసుకెళ్ళింది అక్కే. పదహారేళ్ళ పిచ్చుకను ఎగాదిగా చూసి క్లబ్బు కోచ్ "ఈ పిల్ల గాలేస్తే ఎగిరిపోయేలా ఉందమ్మా" అంటే, "ఎగిరినా బంతితోనే ఎగురుతుంది, సార్. తీసుకుని చూడండి" అని పూచీ పడింది కూడా అక్కే.

నాలుగేళ్ళ కిందట ఒక ఆటలో అక్క ఎడమ భుజం జారింది. ఆ పూటకి సర్దుకుని ఆట ముగించింది కానీ, ఆ తర్వాత ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవలేదు. క్లబ్బు డాక్టరుకు తెలిస్తే పక్కన కూర్చోబెడతారు. అందుకని ఎవరికీ చెప్పలేదు. పొద్దున పూట జెర్సీ తొడుక్కోవడానికి కూడా ఇంకొకరి చెయ్యి కావాల్సి వచ్చేది. ఆ చెయ్యి పిచ్చుకది.

చెయ్యి లేవకపోతే ఏం, బుర్ర ఉంది కదా అనుకుంది అక్క. నెల రోజులు ఇంటి వెనక సందులో గోడమీద సుద్దముక్కతో గోల్‌పోస్టులు గీసి, చెల్లెలి చేత బంతి కొట్టించుకుంటూ ఒక ఉపాయం కనిపెట్టింది. నడిమధ్య నిలబడకుండా అర అడుగు ఎడమకి జరిగి నిలబడటం. అప్పుడు ఎదుటివాళ్ళ కంటికి తన కుడివైపు ఎక్కువ ఖాళీ కనిపిస్తుంది. వాళ్ళు ఆశపడి అటే కొడతారు. అటు కొడితే అక్క కుడిచేతికి తిరుగులేదు. "చూశావా, నేను ఆపక్కర్లేదే. వాళ్ళే తెచ్చి నా చేతిలో పెట్టి పోతారు" అని ఆ రోజు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ ఉపాయంతోనే మూడేళ్ళు లీగ్‌లో అందరికంటే తక్కువ గోల్స్ ఇచ్చిన కీపర్‌గా నిలిచింది. ఆ సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు.

పిచ్చుకకు పెద్ద క్లబ్బు నుంచి పిలుపొచ్చింది. సంతకం పెట్టేసి వచ్చాకే ఇంట్లో చెప్పింది. అక్క చేతిలో ఉన్న తువ్వాలు మడతపెట్టింది. తర్వాత, "మంచిదే. అక్కడ గడ్డి బాగుంటుంది" అంది. వెళ్ళేరోజు పెట్టె సర్దింది కూడా ఆమే.

కొత్త క్లబ్బులో మొదటి ఏడు ఆటల్లో పిచ్చుక ఒక్క గోల్ కూడా కొట్టలేదు. బంతి కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వేరెవరివో అయిపోయేవి. ఎనిమిదో ఆటకు బెంచీమీద కూర్చోబెట్టారు. క్యాంటీన్‌లో ఆమె పళ్ళెంతో వచ్చి కూర్చుంటే పక్కవాళ్ళ కబుర్లు ఆగిపోయేవి. "పిచ్చుకకు కొత్త గూడు పడలేదు" అని ఒక పేపరు రాస్తే, ఎవరో దాన్ని కత్తిరించి డ్రెస్సింగ్ రూం అద్దానికి అంటించారు. సరదాకే. ఆమె కూడా నవ్వింది. తర్వాత బాత్‌రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

తొమ్మిదో ఆట పాత క్లబ్బుతో.

మూడు రోజుల ముందు అందరినీ మీటింగ్ గదిలో కూర్చోబెట్టారు. వీడియోలు చూసి లెక్కలు కట్టే కుర్రాడొకడు తెరమీద అక్క ఆటలు చూపిస్తూ తల గోక్కున్నాడు. "ఈ కీపర్‌లో లోపం దొరకడంలేదు మేడమ్. కుడివైపు ఖాళీ ఉన్నట్టే ఉంటుంది, కొడితే పట్టేస్తుంది" అన్నాడు.

కోచ్ వెనక్కి తిరిగి వరసల్లోకి చూసింది. "మీ అక్క కదా? నువ్వేమైనా చెప్పగలవా?"

ఇరవైమంది తలలు తిప్పి పిచ్చుక వైపు చూశారు. ఆ క్లబ్బుకు వచ్చాక అంతమంది ఒక్కసారి ఆమె ముఖంలోకి చూడటం అదే మొదలు. 'మా అక్క గురించి నన్నడగకండి' అనొచ్చు. అంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కోచ్ కూడా బలవంతపెట్టే మనిషి కాదు, ఊరికే అడిగింది. ఇవన్నీ పిచ్చుకకు ఆ తర్వాత వెయ్యిసార్లు తోచాయి.

"అది వల మేడమ్" అంది. "కావాలనే అర అడుగు ఎడమకి జరుగుతుంది. కుడివైపు కొట్టకూడదు. ఎడమ భుజం పైకి లేవదు. ఆ మూలకి, ఎత్తుగా కొట్టాలి."

తెర దగ్గరున్న కుర్రాడు వీడియో వెనక్కి తిప్పి చూసి, "అమ్మో! నిజమే!" అని కేకేశాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. వెనక కూర్చున్న పిల్ల పిచ్చుక వీపుమీద చరిచింది. "ఇప్పుడు నువ్వు మా మనిషివి" అంది కోచ్ నవ్వుతూ. పిచ్చుకకు ఒళ్ళంతా వెచ్చగా అయింది. ఆ వెచ్చదనాన్ని తలుచుకుంటేనే తర్వాత ఆమెకు అన్నిటికంటే ఎక్కువ అసహ్యం వేసేది. నోరు జారినందుకు కాదు, జారాక హాయిగా అనిపించినందుకు.

ఆ ఆట నాలుగు–సున్నా. మూడు గోల్స్ ఎడమ పైమూలలోకే వెళ్ళాయి. అందులో రెండు పిచ్చుకవి. రెండోసారి బంతి వలలో పడ్డాక అక్క ఆమె వైపు చూసింది. కోపంగా కాదు. భుజం తడుముకుంటూ, నేనెక్కడ తప్పు నిలబడ్డాను అని వెతుక్కుంటున్న చూపు. ఆట అయ్యాక దగ్గరికి వచ్చి చెల్లెలి తల నిమిరి, "బాగా కొట్టావే" అని వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచి పిచ్చుక కాళ్ళు మళ్ళీ ఆమెవయ్యాయి. ఆటాటకీ గోల్ కొట్టింది. అటు ఆ ఆట వీడియో చూసిన మిగతా జట్లన్నీ అదే మూలకు కొట్టడం మొదలుపెట్టాయి. పాత క్లబ్బు వరసగా ఓడింది. డాక్టరు పరీక్ష చేస్తే భుజం సంగతి బయటపడింది. గాయం దాచిపెట్టిందని సీజన్ సగంలోనే అక్కను తీసేశారు. సీజన్ చివర ఆ క్లబ్బు రెండు పాయింట్ల తేడాతో కింది డివిజన్‌కు పడిపోయింది. అదే రోజు పిచ్చుక కప్పు ఎత్తింది.

ఆ నెలల్లో ఆమె ఇంటికి వెళ్ళడం మానేసింది. ఫోన్ చేస్తే తల్లి ఎత్తేది. "అక్క బానే ఉంది. వయసైపోయింది, చాల్లే అంటోంది. బూట్ల షాపులో చేరింది. నువ్వెప్పుడొస్తావు?" అంటే, "ప్రాక్టీసు ఉందమ్మా" అని నీళ్ళు నమిలేది.

చివరికి ఆమెను అక్క దగ్గరికి తీసుకెళ్ళింది ప్రేమా కాదు, ధైర్యమూ కాదు. బూట్ల కంపెనీ ఒప్పందం. అవార్డు సభకు వారం ముందు, ఆ కంపెనీ బూట్లు అమ్మే షాపుకు వచ్చి అభిమానులకు సంతకాలు పెట్టాలన్నారు. కారు దిగి తలెత్తి చూస్తే అది తల్లి ఫోన్‌లో చెప్పిన, అక్క పనిచేసే షాపు.

లోపల గోడ నిండా పిచ్చుక బొమ్మ. గాలిలోకి ఎగిరి బంతిని తన్నుతున్న ఫోటో, మనిషికి రెండింతలుంది. దాని కిందే చిన్న స్టూలుమీద అక్క కూర్చుని, ఒకావిడ పాదం ఒళ్ళో పెట్టుకుని కొలత తీస్తోంది. షాపు యూనిఫాం నీలం చొక్కా వేసుకుంది. ఛాతీమీద పేరుచీటీ కూడా ఉంది. ఎన్నో బంతులు ఆపిన ఆ పెద్ద పెద్ద వేళ్ళు కొలత టేపు పట్టుకున్నాయి.

"మా చెల్లెలే!" అంటోంది ఆ పాదం మనిషితో. "ఇప్పుడు వస్తుంది చూడండి. పుట్టగానే నేనే ఎత్తుకున్నాను."

యజమాని చేతులు రుద్దుకుంటూ ఎదురొచ్చాడు. సంతకాలయ్యాయి. ఫోటోలయ్యాయి. ఉన్నట్టుండి ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. "అక్క చెల్లెలికి బూటు తొడుగుతున్నట్టు ఒక ఫోటో తీద్దాం. ఎంత బావుంటుందో!"

"వద్దండీ" అంది పిచ్చుక.

"చిన్నప్పుడు తొడగలేదా ఏంటి, కూర్చోవే" అంది అక్క. మోకాళ్ళమీద కూర్చుని చెల్లెలి కాలు చేతిలోకి తీసుకుంది. లేసు బిగించడానికి ఎడమచెయ్యి కొంచెం ఎత్తబోయి, పళ్ళ బిగువున ఆగి, కుడిచేత్తోనే లాగింది. చుట్టూ జనం ఆహా అన్నారు. కెమెరాలు క్లిక్కుమన్నాయి. పిచ్చుకకు భూమి చీలి తనను మింగేస్తే బావుండుననిపించింది.

"అక్కా, నీతో మాట్లాడాలి" అంది చెవిలో.

వెనక సరుకుల గదిలో పైకప్పుదాకా డబ్బాలు పేర్చి ఉన్నాయి. కొత్త తోలు వాసన. అక్క తలుపు దగ్గరగా వేసి, "ఏంటే, ముఖం అలా పాలిపోయింది? తిన్నావా అసలు?" అంది.

పిచ్చుక గబగబా చెప్పేసింది. మీటింగ్, తెర, కోచ్ అడగడం, తను చెప్పడం. ముందు అక్క నవ్వింది, ఏదో వేళాకోళం అనుకుని. తర్వాత నవ్వు ఆగింది గానీ నోరు ఆ నవ్వు ఆకారంలోనే ఉండిపోయింది.

"భుజం గురించి చెప్పావా?"

"చెప్పాను."

"అర అడుగు సంగతి కూడానా?"

పిచ్చుక తల ఊపింది.

అక్క ఒక డబ్బాను వరసలోంచి తీసి, మళ్ళీ అదే చోట పెట్టింది. "భుజం సంగతి ఎప్పుడో ఒకప్పుడు తెలిసేదే. ఒళ్ళు కదా, అరుగుతుంది. ఆ అర అడుగు నేను కనిపెట్టాను. స్కూలు కూడా పూర్తిచెయ్యనిదాన్ని. నా బుర్రతో నేను కనిపెట్టింది జీవితంలో అదొక్కటే. దాన్ని నీ ఒక్కదాని ముందే పెట్టాను."

"అక్కా..."

"ఏడవకు. బయట జనం ఉన్నారు."

"సభలో చెప్పేస్తాను. అవార్డు ఇచ్చేటప్పుడు మైకులో అందరి ముందూ చెప్పేస్తాను. ఈ అవార్డు నాది కాదంటాను."

అక్క ఆమె వైపు చాలాసేపు చూసింది. అంత చల్లని చూపు పిచ్చుక ఎప్పుడూ చూడలేదు. "చెప్పి ఏడుస్తావు. వాళ్ళంతా లేచి చప్పట్లు కొడతారు. ఎంత మంచి మనసో అని మర్నాడు పేపర్లో రాస్తారు. అదీ నీ ఖాతాలోకే పోతుంది. అక్కర్లేదు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"నిజంగా చెప్పాలనే ఉంటే, చెప్పాల్సిన గది ఒకటుంది. మన పాత డ్రెస్సింగ్ రూం. అక్కడికెళ్ళి చెప్పు. కెమెరాలు లేకుండా వెళ్ళు." తలుపు తీసింది. "నాకు పనుంది. ఏడో సైజు కోసం ఆవిడ కూర్చునుంది."

అవార్డు సభకు తల్లి వచ్చింది, అక్క రాలేదు. పిచ్చుక వేదికెక్కి, అందరికీ కృతజ్ఞతలని రెండు ముక్కలు చెప్పి దిగిపోయింది. బంగారు రంగు బంతి బొమ్మ చేతుల్లో బరువుగా ఉంది. ముందు వరసలో తల్లి, లాండ్రీ నీళ్ళకు పాలిపోయిన చేతులతో పిచ్చుక వంతు అయిపోయాక కూడా చప్పట్లు కొడుతూనే ఉంది. పక్కాయన నవ్వుతూ ఆమెను ఆపాడు. ఆ చేతుల వైపు చూడలేక పిచ్చుక నేల చూపులు చూసింది.

నాలుగో రోజు పొద్దున పాత క్లబ్బుకు బస్సులో వెళ్ళింది. కోచ్ సార్ గేటు దగ్గరే కనిపించాడు. విషయం విని, ఆమెను తిట్టలేదు, లోపలికి రమ్మనీ అనలేదు. ముందు నడిచాడు, అంతే.

డ్రెస్సింగ్ రూంలో అదే చెమట వాసన, అవే విరిగిన కొక్కేలు. పధ్నాలుగు మంది మిగిలారు. మిగతావాళ్ళను క్లబ్బు కింది డివిజన్‌కు పడిపోయాక తీసేశారు. కెప్టెన్ బూట్ల మట్టి గోకుతూ తలెత్తి చూసి, "ఏంటి, అవార్డు చూపించడానికొచ్చావా?" అంది. ఒకరిద్దరు నవ్వారు.

పిచ్చుక నిలబడే చెప్పింది. కూర్చోమని ఎవరూ అనలేదు. చెప్పినంతసేపూ కుళాయి ఒకటి కారుతూనే ఉంది. "మీ ఆట పాడుచేసింది నేను. మా అక్క నాకొక్కదానికే చెప్పిన మాటను అక్కడ అందరి ముందూ పెట్టాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. నన్ను వాళ్ళలో కలుపుకోవాలని చెప్పాను" అని ముగించింది.

కోపంతో అరుస్తారనుకుంది. ఎవరూ అరవలేదు. వాళ్ళు ఆమె వైపు చూడటం కూడా లేదు. ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. కెప్టెన్ చేతిలోంచి బూటు జారి కింద పడింది.

"అంటే... గోడక్క కావాలని వదలలేదా?"

పిచ్చుకకు అర్థం కాలేదు. "ఏం వదలడం?"

కోచ్ సార్ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. కెప్టెనే చెప్పింది. ఆ ఆట అయ్యాక ఈ గదిలో అందరూ చెవులు కొరుక్కున్నారు. సొంత చెల్లెలు ఏడు ఆటలుగా గోల్ లేక అల్లాడిపోతోంది, అక్క జాలిపడి రెండు వదిలేసింది అని. ఒకరు ముఖంమీదే అనేశారు. భుజం సంగతి బయటపడినా, అది కట్టుకథ అనుకున్నారు కొందరు. ఆఖరిరోజు ఆమె తన కొక్కేనికున్న తువ్వాలు తీసుకుని వెళ్తుంటే ఎవరూ లేచి నిలబడలేదు. పదమూడేళ్ళ మనిషికి ఒక్కరూ 'వెళ్ళొస్తావా' అని కూడా అనలేదు.

"ఒక్క మాటైనా ఎదురు చెప్పలేదు" అంది కెప్టెన్. "నిజంగానే చేసింది కాబట్టే నోరెత్తలేదు అనుకున్నాం. నేనే అన్నాను ఆ మాట ముఖంమీద. నేనే."

పిచ్చుక అక్కడే బెంచీమీద కూలబడింది. అక్క ఇంటికొచ్చి ఈ సంగతి తల్లికి చెప్పలేదు, చెల్లెలికి చెప్పలేదు. సరుకుల గదిలో, అంత కోపంలో కూడా అనలేదు. ఒక్క గది మాత్రం చూపించింది. ఇంతకాలం తన తప్పేంటో తనకు పూర్తిగా తెలుసనుకుంది పిచ్చుక. దానికి అడుగు ఇంకా కిందెక్కడో ఉందని ఇప్పుడు తెలిసింది.

"ఇక నువ్వెళ్ళమ్మా" అన్నాడు కోచ్ సార్. ఆ గొంతులో దయా లేదు, కాఠిన్యమూ లేదు. "మేం చూసుకోవాల్సింది మాకుంది."

మర్నాడు షాపు తెరిచేసరికి పధ్నాలుగు మంది వచ్చి బయట నిలబడ్డారట. యజమాని బోణీ అదిరిందని మురిసిపోయాడట. ఒక్కరూ బూట్లు కొనలేదు. కెప్టెన్ అందరి ముందూ అక్క చేతులు పట్టుకుని అక్క కూర్చునే స్టూలుమీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చిందట. ఇదంతా తల్లి ఫోన్‌లో చెప్పింది. అప్పటికి తల్లికి అన్నీ తెలిశాయి. చెప్పడం అయ్యాక, "నిన్ను నేను సరిగ్గా పెంచలేదేమోనే" అంది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

"నన్ను పెంచింది అక్క కదమ్మా" అంది పిచ్చుక. అని, ఆ మాట ఎటు తిరిగి ఎక్కడ తగిలిందో తెలిసి నాలుక కరుచుకుంది.

రెండు నెలల తర్వాత క్లబ్బు అక్కను కీపర్లకు నేర్పడానికి పిలిచింది. షాపు పని సగం పూటకు తగ్గించుకుని వెళ్ళడం మొదలుపెట్టింది. పిచ్చుక ఈ కబురు కూడా తల్లి నోటే వింది. కొత్త సీజన్ మొదలైంది. మీటింగ్ గదిలో ఎవరైనా పాత క్లబ్బు గురించి అడిగితే "నాకు తెలీదు మేడమ్" అనేది. నమ్మేవారు కాదు. నమ్మకపోయినా అదే అనేది. విలేకరులు పోయినేడాది గురించి అడిగితే, "గోల్స్ బాగా పడ్డాయి" అని ఆపేసేది. అవార్డు బొమ్మను తల్లి ఇంట్లో పెట్టుకుంటానన్నా ఇవ్వలేదు. అక్క రోజూ చూడాల్సొస్తుందని.

ఒక గురువారం మధ్యాహ్నం, ప్రాక్టీసు ముగించుకుని తడి జుట్టుతో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ మోగింది. తెరమీద అక్క పేరు.

"ఆదివారం అమ్మకి కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాలి" అంది అక్క, నమస్కారమూ కుశలమూ లేకుండా. "నాకు ట్రైనింగ్ ఉంది. నువ్వు తీసుకెళ్ళు. తొమ్మిదిన్నరకే ఉండాలి. పాత చీటీలు బీరువా మీదున్నాయి."

"సరే అక్కా. వస్తాను."

అవతల బంతులు తన్నుతున్న చప్పుడు, ఎవరో పిల్లల కేకలు. అక్క ఫోన్ పెట్టెయ్యలేదు.

"నాకింకా కోపంగానే ఉంది" అంది.

"తెలుసక్కా."

"ఎప్పటికి పోతుందో నాకే తెలీదు. అడక్కు."

"అడగను."

"తొమ్మిదిన్నర అంటే తొమ్మిదిన్నరే. నీ అలవాటు ప్రకారం పదికి రాకు" అని పెట్టేసింది.

బస్సు వచ్చింది. కండక్టరు ఆమెను గుర్తుపట్టి "పిచ్చుక కదూ!" అని ముఖమంతా నవ్వై, కిటికీ పక్క సీటు చూపించాడు. ఆమె తల వంచుకునే వెళ్ళి కూర్చుంది. ఆదివారం ఎన్ని గంటలకు బయల్దేరితే తొమ్మిదిన్నరకు చేరుతుందో వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. ఏడింటికే బయల్దేరాలనుకుంది.